ఫిల్టర్ కాఫీ తాగితే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 46. అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించుకుని ఇనప మూకుట్లో వేయించి, మిక్సీలో పొడి కొట్టి, స్టీల్ ఫిల్టర్‌లో డికాషన్ తీస్తాను. గేదె పాలతో రోజూ మూడు కప్పులు తాగుతాను. మిగిలిన పొడిని సాయంత్రం నీళ్లలో మరిగించి రెండో డికాషన్ చేస్తాను. ఈమధ్య ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158 వచ్చింది. గింజలు నల్లగా వేగితే పైకి నూనె తేలుతోంది. అదే కారణమా? కాఫీ మానేయాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మానేయనక్కర్లేదు. వేయించడం మీద అనుమానం వద్దు, వడకట్టడం మార్చండి. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి వదిలించుకునే పనిని ఇది మందగింపజేస్తుంది, దాంతో రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. నల్లగా వేయిస్తే ఆ నూనె గింజ పైకి వచ్చి మెరుస్తుంది, అంతే. లేత రంగులో దించినా లోపల నూనె ఉండనే ఉంటుంది.

పొడిని నీళ్లలో మరిగిస్తే కెఫెస్టాల్ బాగా దిగుతుంది. కాబట్టి ముందు రెండో డికాషన్ ఆపేయండి. స్టీల్ ఫిల్టర్‌లో పొడి మందంగా పరుచుకుని కొంత నూనెను పట్టుకుంటుంది గానీ, రంధ్రాలు మాత్రం ఆపలేవు. పేపర్ ఫిల్టర్ దాదాపు అంతా ఆపేస్తుంది.

మీ ఫిల్టర్ పారేయనవసరం లేదు. కాఫీ పేపర్ ఫిల్టర్‌ను పై గిన్నె అడుగు కంటే అర సెంటీమీటరు పెద్దగా గుండ్రంగా కత్తిరించి, అంచు పైకి మడిచి పరచండి. తడిపి అడుగుకు అతికించాకే పొడి వేయండి. పేపర్ చిన్నదైతే డికాషన్ పక్కనుంచి జారిపోతుంది, వేసిన ఫలితం ఉండదు. మిక్సీ మెత్తని పొడి పేపర్‌ను మూసేసి చుక్క కూడా దిగనివ్వదు. బొంబాయి రవ్వంత బరకగా, ఆపి ఆపి కొట్టండి. పొడి 20 గ్రాములు, నీళ్లు 120 మి.లీ.; పొడే 40 మి.లీ. దాకా పీల్చుకుంటుంది, 80 మి.లీ. డికాషన్ వస్తుంది. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయండి. చిక్కదనం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. పోయింది నూనే, కెఫీన్ కాదు.

ఇక పాలు. అసలు దోషి ఇదే కావచ్చు! గేదె పాలలో కొవ్వు 6–7 శాతం. కప్పుకు 100 మి.లీ. చొప్పున మూడు కప్పులంటే రోజుకు సుమారు 20 గ్రాముల కొవ్వు, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలకు మారితే 9 గ్రాములే.

వేయించేటప్పుడు వంటింటి కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ పొగ పడదు.

ఎనిమిది వారాల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించండి. దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ కూడా చూపించండి, థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. బీపీ, షుగర్, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటే డాక్టర్ మాత్రలు రాయవచ్చు. రాస్తే వేసుకోండి, పేపర్ ఫిల్టర్ వాటికి బదులు కాదు. ఒకవేళ థైరాయిడ్ మాత్ర మొదలైతే, అది వేసుకున్నాక గంట ఆగి కాఫీ తాగండి. వెంటనే తాగితే మాత్ర ఒంటికి సరిగా అందదు.