క్లిక్కుమంది కదా అని నమ్మకు

గవర్నర్‌పేట, విజయవాడ.

చిరంజీవి చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మామయ్యా, వీడు రెండు నెలల జీతం పోసి ఇనప్పెట్టెలాంటి కెమెరా కొన్నాడు, స్నేహితుడి పెళ్లికి దాంతోనే ఫోటోలు తీస్తాట్ట, నువ్వన్నా గడ్డి పెట్టు" అంది. పెడతానన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. స్పీడ్ గ్రాఫిక్ అట, ఒకప్పటి ప్రెస్ కెమెరా! అరవై ఏళ్ల కిందట బీసెంట్ రోడ్డు పక్క సందులో కెమెరా రిపేరు కొట్లో నేను తుడిచి తుడిచి పెట్టిన సరుకు, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి పిల్లాడి చేతికొచ్చింది. అయితే దానికి నువ్వే సోలినాయిడ్, అంటే ఫ్లాష్ బటన్ నొక్కగానే కరెంటుతో షట్టర్ మీటని లాగే కాయిల్, బిగిస్తున్నావని విన్నాక నవ్వు ఆగింది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. బ్రాకెట్‌ని లెన్స్ బోర్డుకే బిగించు, షట్టర్ రేకుకి కాదు. కాయిల్ గొట్టంలో ఆడే కడ్డీ ఉంది చూడు, ప్లంజర్, అది కదిలే దిశ, షట్టర్ మీట కదిలే దిశ ఒకే గీతలో ఉండాలి. పక్కకి లాగితే గొట్టానికి రాసుకుంటుంది. రాసుకుంటోంది కదా అని నూనె చుక్క వేశావో, నీకూ నాకూ మాటల్లేవు. గుంటూరు దుమ్ముకి నూనె తోడైతే వారంలో జిగురే. పెన్సిల్ ములుకు పొడి చాలు. బటన్ నొక్కి వదిలెయ్, నొక్కి పట్టుకుంటే కాయిల్ వేడెక్కుతుంది. కెమెరా వెనకుండే రెండో షట్టర్, ఆ కర్టెన్, తెరిచి ఉందో లేదో చూసుకో, అది మూసి ఉంటే ముందు షట్టర్ ఎంత బాగా పడినా ఫిల్ముకి వెలుగు చేరదు. పెళ్లయ్యాక ఫ్లాష్ పిడిలోంచి సెల్లులు తీసెయ్, లోపల కారితే అలాంటి పిడి మళ్లీ దొరకదు. ఏదో సినిమా కత్తికి అదే పిడి వాడారట, కత్తుల కోసం కొనేవాళ్లు దాని ధర ఎక్కడికో పట్టుకుపోయారు.

ఇక అసలు విషయం. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

1968లో మీ అమ్మమ్మ పెళ్లి. నాకు పంతొమ్మిదేళ్లు. మా గురువుగారు కొట్లో కెమెరా ఇచ్చి, "మీ అక్క పెళ్లి నువ్వే తియ్యరా" అన్నారు. కొత్త సెల్లులకి డబ్బులు కూడా చేతిలో పెట్టారు. ఆ కెమెరాకి సోలినాయిడ్ బిగించింది నేనే. ముందురోజు బల్ల మీద పెట్టి, ఒక్కసారే వెలిగే ఆ ఫ్లాష్ బల్బు లేకుండా, బటన్ నొక్కి చూశాను. ఠక్కుమని పడింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పడింది. సెల్లులు బాగానే ఉన్నాయిగా అనుకుని ఆ డబ్బుల్తో సాయంత్రం సినిమాకి వెళ్లాను.

రాత్రి ముహూర్తం. కొత్తపేటలో ఇంటి ముందు పందిరి. స్నాతకం, ఎదురుకోలు, కాళ్లు కడగడం అన్నీ ఆ పాత సెల్లుల మీదే లాగించాను. జీలకర్రా బెల్లం వేళకి పందిరి పెద్దది కదా అని పొడుగు వైరుతో రెండో బల్బు కూడా తగిలించాను. షట్టర్ 200 మీద, అంటే సెకనులో రెండొందలో వంతు మీద పెట్టాను, మా వాళ్లందరి ముందూ ప్రెస్ ఫోటోగ్రాఫర్‌లా కనపడాలని. తెర తీశారు. మా అక్క తలెత్తి బావని చూసింది. నొక్కాను. బల్బులు భగ్గుమన్నాయి, షట్టర్ ఠక్కుమంది. అక్షింతలు నా నెత్తిన కూడా పడ్డాయి.

కడిగితే ఆ నెగిటివ్ బొమ్మే లేకుండా కిటికీ గాజులా ఉంది. పక్కనున్న దీపం మాత్రం చిన్న నల్లచుక్కలా పడింది.

ఏం జరిగిందో గురువుగారు చెప్పేదాకా అర్థం కాలేదు. పెట్టె మీద 'ఎమ్' అని ఉండే బల్బు కరెంటు అందిన సుమారు 20 మిల్లీసెకన్లకి నిండుగా వెలుగుతుంది, ఆ తర్వాత అంతేసేపట్లో ఆరిపోతుంది. 200 మీద షట్టర్ తెరుచుకునేది 5 మిల్లీసెకన్లే. బల్బూ, కాయిలూ తాగేది ఒకే మూడు టార్చి సెల్లుల నాలుగున్నర వోల్టుల్నే. నీరసించిన సెల్లుల్లోంచి రెండు బల్బులు ముందు లాగేసుకుంటే కాయిల్‌కి మిగిలింది ఎంగిలి. ప్లంజర్ బద్ధకంగా కదిలింది, వెలుగంతా అయిపోయాక షట్టర్ తెరిచింది. ఆ తేడా చెవికి తెలియదురా. చెవికి అది ఠక్కే.

పైగా నేను ప్లంజర్ సరిగ్గా అడుగు తాకే చోటే షట్టర్ పడేలా బిగించాను, మిగులు లేకుండా. దూరంగా ఉన్నప్పుడు దాన్ని లాగే బలం తక్కువ, లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి మీట చివరికి దగ్గర్లోనే తగలాలి, కానీ షట్టర్ పడ్డాక కూడా ప్లంజర్ గోరు మందమంత ఇంకా లోపలికి పోవాలి. బ్రాకెట్ స్క్రూలు వదులు చేసి వెంట్రుక వాసి జరుపుతూ చూసుకో.

మాకప్పుడు లేనిది నీ చేతిలో ఉంది. ఫోన్‌లో స్లో మోషన్ 240 మీద పెట్టు, సెకనుకి 240 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్లు చిల్లర. సోలినాయిడ్ వైర్లకే రెసిస్టర్‌తో చిన్న ఎల్‌ఈడీ తగిలించు. అది వెలిగిన ఫ్రేము నుంచి షట్టర్ రేకులు విచ్చుకునేదాకా లెక్కపెట్టు. నాలుగైదు ఫ్రేములు వస్తే దారిలో పడ్డట్టే. ఆ తర్వాత ఖర్చని చూడకుండా రెండు నిజం బల్బులు కాల్చు, పెళ్లిలో ఎంత వైరు వాడతావో అంత వైరుతోనే. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వాడేట్టయితే ఈ లెక్క పనికిరాదు, దాన్ని షట్టర్‌కే ఉన్న 'ఎక్స్' కాంటాక్టుకి కలుపు.

బల్బుని ఆఖర్న పెట్టు, మొహం పక్కకి తిప్పుకుని పెట్టు. ఒకసారి నా చేతిలోనే వెలిగింది, బొటనవేలి మచ్చలు నువ్వు చిన్నప్పుడు లెక్కపెట్టేవాడివి, గుర్తుందా? పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. ముహూర్తానికి 200 పోజులొద్దు, 25 మీద పెట్టు. 40 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుంది, సోలినాయిడ్ కాస్త వెనకబడినా బొమ్మ పడుతుంది.

మీ అమ్మమ్మ ఆల్బమ్‌లో మూలలు అంటించి ఖాళీగా వదిలిన పేజీ చూసే ఉంటావు. "ఫిల్ము చెడిపోయిందక్కా" అన్నాను. "పోన్లేరా, నాకు గుర్తుందిగా" అంది. ఆ మాటకి తిట్టినా బాగుండేది. సినిమా సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం ఆవిడ కంటపడనీకు. చెప్పాలంటే నేనే చెబుతాను.

ఆదివారం కెమెరా పట్టుకుని రా, బిగించే పని ఇక్కడే చేద్దాం. నా సన్న స్క్రూడ్రైవర్లు ఇంకా ఉన్నాయి, చెయ్యే వణుకుతోంది. నువ్వు పట్టుకో, నేను చూస్తాను. వచ్చేటప్పుడు సెల్లులు కొనకు. కొత్తవి మూడు పెళ్లికీ, మూడు జేబులోకీ నేనే తెచ్చి పెడతాను.

ఆశీస్సులతో,
తాతయ్య