అలల వల్ల షిప్ రెసిస్టెన్స్ (ఓడని వెనక్కి లాగే నీటి బలం) ఎంత పెరుగుతుందో ముందే ఎలా తెలుస్తుంది? 15% సీ మార్జిన్ (అలలకీ గాలికీ అని ఇంజిన్ పవర్‌కి కలుపుకునే అదనం) వేసుకుంటే సరిపోదా?

సరిపోదండి. ఆ 15% డిజైన్ టైంలో ఇంజిన్ సైజు తేల్చుకోడానికి వేసుకునేది, రేపు బయల్దేరే ట్రిప్‌కి కాదు.

నేను 190 మీటర్ల బల్క్ క్యారియర్ మీద సెకండ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు జులైలో కన్యాకుమారి దాటి ఏడెన్ వైపు వెళ్తున్నాం, ఫోర్‌కాస్ట్‌లో అల ఎత్తు 3 మీటర్లే, అంతకుముందు బంగాళాఖాతంలో అదే 3 మీటర్లు ఎదురొచ్చినా 12 నాట్లు పోయాం కదా అని ఆ లెక్కనే ఈటీఏ (చేరే టైం) ఇచ్చేశా, తీరా చూస్తే 9 నాట్లు దాటట్లేదు, ఒకటే పిచింగ్, అంటే ఓడ ముక్కు పైకీ కిందకీ లేచిపడటం. గాలి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. తేడా అంతా పీరియడ్‌లో ఉంది, అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే టైంలో, అక్కడ 8 సెకన్లు, ఇక్కడ 11.

లోతు నీళ్లలో పీరియడ్‌ని దాంతోనే గుణించి మళ్లీ 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. 8 సెకన్లకి 100 మీటర్లు, 11 సెకన్లకి 189. అంటే సరిగ్గా మా ఓడ పొడవు! ఎదురొచ్చే అల పొడవు ఓడ పొడవుకి దగ్గరపడ్డప్పుడే ఈ అదనపు రెసిస్టెన్స్ బాగా ఎక్కువవుతుంది, ఎందుకంటే ఓడ లేచిపడుతూ తన చుట్టూ కొత్త అలలు పుట్టిస్తుంది, వాటికి పోయే శక్తి చివరికి మన ఇంజిన్ మీదే పడుతుంది. 1972లో డెల్ఫ్ట్‌లో గెరిట్స్‌మా, బ్యూకెల్మాన్ ఈ శక్తి లెక్కతోనే తమ పద్ధతి కట్టారు.

పొట్టి అలలప్పుడు కథ వేరు, ఓడ పెద్దగా కదలదు, అల ముక్కుకి కొట్టుకుని వెనక్కి పోతుంది, బల్క్ క్యారియర్ల మొద్దు ముక్కుకి ఈ దెబ్బ ఎక్కువ. దీనికి ట్రయల్స్‌లో (ఓడ స్పీడ్‌ని సముద్రంలో పరీక్షించేటప్పుడు) వాడే స్టావేవ్-1 ఫార్ములా ఉంది: నీటి సాంద్రత, గ్రావిటీ, ఎత్తు స్క్వేర్, వెడల్పు గుణించి 16తో భాగించి, వెడల్పుని ముక్కు భాగం పొడవుతో భాగిస్తే వచ్చేదాని స్క్వేర్‌రూట్‌తో గుణించాలి. 3 మీటర్ల అల, 32 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల ముక్కు అనుకుంటే దాదాపు 187 కిలోన్యూటన్లు, అంటే 19 టన్నులు వెనక్కి లాగుతున్నట్టు. అదే 2 మీటర్ల అలకి 8 టన్నుల చిల్లరే. ఎత్తు స్క్వేర్‌లో ఉంది కాబట్టి ఫోర్‌కాస్ట్ ఎత్తు 10% తప్పినా జవాబు దాదాపు 20% తప్పుతుంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఫార్ములాలే కాదు, మోడల్ టెస్ట్‌తో కూడా ఈ అదనపు రెసిస్టెన్స్ తెలుసుకోవచ్చు, అంటే ట్యాంక్‌లో బొమ్మ ఓడని ఒకే స్పీడ్‌లో నిశ్చలమైన నీళ్లలో ఒకసారి, అలల్లో ఒకసారి లాగి సగటు బలాల తేడా తీస్తారు, మన వైజాగ్‌లోని నేవీ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్‌లో అలాంటి టోయింగ్ ట్యాంక్ ఉంది.

ఇంకోటి, స్టావేవ్-1 అలలు ఎదురు నుంచి అటూ ఇటూ 45 డిగ్రీల లోపు వస్తూ, ఓడ పెద్దగా లేచిపడనప్పుడే పనికొస్తుంది. మా అరేబియా ట్రిప్ లాంటిదానికి స్టావేవ్-2 పట్టాలి, అది ఓడ కదలికల్ని కూడా కలుపుకుంటుంది, కాకపోతే దానికి ఒక్క ఎత్తు చాలదు, వేవ్ స్పెక్ట్రం (ఏ పీరియడ్ అలల్లో ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క) మొత్తం ఇవ్వాలి.