ముందు వినేవాళ్ళను కూడగట్టు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

బోస్టన్‌లో స్థిరపడ్డ, ఐర్లండ్ పశ్చిమ తీరంలోని కానెమారా ప్రాంతపు కుటుంబాలతో కలిసి షాన్-నోస్ పాటల కూడిక పెడతానన్నావు. చాలా సంతోషం. పక్క వాద్యం లేకుండా ఒక్క గొంతుతో ఐరిష్ భాషలో పాడే ఆ పాత బాణీకి, పరాయి దేశంలో ముందు కరువయ్యేది పాడేవాళ్ళు కాదు, మాట అర్థమై వినేవాళ్ళు. కానెమారాలోని కార్నా ప్రాంతపు జో హీనీ అంతటి గాయకుడు న్యూయార్క్‌లో ఒక భవనం గుమ్మం దగ్గర ఉద్యోగం చేసుకుంటూ గడిపాడు. చివరి రోజుల్లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నేర్పాడు, 1984లో పోయాడు. ఆయన రికార్డింగులు ఆ విశ్వవిద్యాలయంలోనే భద్రంగా ఉన్నాయి.

ఎనిమిది, పది మంది చాలు. పదిహేను రోజులకోసారి ఎవరింటి వంటగదిలోనైనా కూర్చోండి. మైకు వద్దు. ఒక్క పాటకు ఆరు కూడికలు పట్టినా తొందరపడకు.

మొదటి రోజు రాగం ఎత్తనే వద్దు. పాట వెనకున్న కథ చెప్పించు, తర్వాత చరణాలను మామూలు మాటల్లా చదివించు. కానెమారాలో పాడమని అడిగేటప్పుడు 'అబిర్ ఔరాన్' అంటారు, అంటే 'పాట చెప్పు' అని. ఆ భాషలో హల్లు కాస్త మెత్తబడితే అర్థమే మారుతుంది: 'బో' అంటే ఆవు, 'బ్యో' అంటే ప్రాణమున్నది. మన పద్యంలో ప్రాస హల్లుది, వాళ్ళ పాటలో అచ్చుది. పాదాల చివర అచ్చులు కలవడం లేదంటే ఎక్కడో ఉచ్చారణ తప్పిందన్నమాట. ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

శ్రుతి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చాలా పాటల్లో మొదటి పాదం, నాలుగో పాదం ఒకే వరస, నడిమి రెండూ పైకి పోతాయి. హాయిగా ఉందని పైన ఎత్తుకుంటే రెండో పాదంలో గొంతు చీలిపోతుంది. అందుకని ముందు ఆ రెండో పాదాన్ని లోపల్లోపల కూనిరాగం తీసుకుని, అది అందే శ్రుతిలో మొదటి పాదం మొదలుపెట్టమను.

గిటారు తెస్తామని ఎవరో ఒకరు అంటారు. మర్యాదగానే, కానీ కచ్చితంగా వద్దని చెప్పు. తాళం పాటను కట్టేస్తుంది. పైగా కొన్ని స్వరాలు గిటారు మెట్లకు మధ్యలో పలుకుతాయి, వాద్యం తోడైతే అవి మాసిపోతాయి.

గమకాలు ఆఖర్న. ఒకే రికార్డింగు విని దాన్నే ప్రతి చరణంలో అప్పజెప్పడం అందరూ చేసే తప్పు. చరణం మారితే అక్షరాల లెక్క మారుతుంది, గమకం కూడా మారాలి. ఒకే పాటను ఒకే ప్రాంతం వాళ్ళు కనీసం ముగ్గురు పాడింది వినిపించు. కానెమారా వాళ్ళ పాటలో గమకాలు ఎక్కువ, ఐర్లండ్ వాయవ్యంలోని డొనెగల్ వాళ్ళది నిరాడంబరంగా, నిలకడైన నడకతో ఉంటుంది; ఆ రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. గొంతు పెంచడం, తగ్గించడం, వణికించడం లాంటి నాటకీయత అక్కర్లేదు.

వినేవాళ్ళకూ పని ఉంది. చేతుల్లో కాగితాలుంటే కళ్ళు అక్కడే ఉండిపోతాయి, అవి పక్కన పెట్టించు. పాదం బాగా వచ్చినప్పుడు 'మా హూ' అనాలి, మన 'భళా' లాగా. పాడేవాళ్ళ చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పడం కూడా అక్కడి అలవాటే. చివరి మాటలను కొందరు పాడకుండా మామూలుగా పలికి ముగిస్తారు. అది పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టనివ్వకు.

ఈ వారమే ఒక పని చెయ్యి. ఆ కుటుంబాల్లో అందరికన్నా పెద్దావిడ దగ్గరకు వెళ్ళి, అనుమతి అడిగి, పాటతో పాటు అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరిదో కూడా ఆమె మాటల్లోనే రికార్డు చెయ్యి. ఒక ప్రతి నీ దగ్గర, ఇంకోటి ఆవిడ మనవల దగ్గర ఉంచు.

ఇట్లు,
మీ అన్నయ్య