డైపర్ మాన్పించడానికి 20 నెలలు తొందరేనా?

మీ బాబుకి 20 నెలలు. "మా పిల్లలు ఏడాది నిండేసరికే చెప్పేసేవారు" అని అత్తగారు, డైపర్ ఉంటే చేర్చుకోబోమని ప్లే స్కూల్ వాళ్లు. మధ్యలో టెన్షన్ మీకు. నా మాట అడిగితే, పాటీ సీటు ఇప్పుడే కొనండి, కూర్చోవడం అలవాటు చేయండి. పట్టుబట్టి డైపర్ తీసేయడం మాత్రం బాబు సిద్ధమయ్యాకే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇద్దరు పిల్లలు. పాప రెండేళ్లు దాటగానే నేర్చేసుకుంది, బాబు మూడేళ్లకి దగ్గరపడ్డాకే దారికొచ్చాడు. ఇల్లు అదే, అమ్మ అదే. ఎక్కువమంది పిల్లలు 18 నెలలకీ 3 ఏళ్లకీ మధ్యలో సిద్ధమవుతారు, మగపిల్లలు కాస్త వెనక ఉండడం మామూలే. కాబట్టి పక్కింటి పిల్లాడితో పోల్చుకోకండి.

అత్తగారు చెప్పేదీ అబద్ధం కాదండీ. పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్‌స్‌" అంటే చంటిపిల్లలు పోస్తారు. మా అత్తగారూ అలాగే చేసేవారు, దానివల్ల నాకు బోలెడు గుడ్డలు ఉతికే పని తప్పింది. కాకపోతే అక్కడ వేళ కనిపెట్టేది పెద్దవాళ్లు. వస్తోందని పిల్లాడికే తెలిసి, కాసేపు ఆపుకుని, మనకి చెప్పడం వేరే సంగతి, అది తర్వాత వస్తుంది. ఆవిడని ఆపకండి, ఆవిడ చేసేది కూర్చోవడం అలవాటు చేస్తుంది.

సిద్ధమయ్యాడని ఎలా తెలుస్తుందంటే, రెండు గంటలపాటు డైపర్ పొడిగా ఉంటుంది. తడిస్తే చిరాకుపడి లాగేస్తాడు. రెంటికి వచ్చినప్పుడు తలుపు చాటుకో మంచం పక్కకో పోతాడు. "నిక్కరు తెచ్చుకో" అంటే తెచ్చుకుంటాడు. ఇవన్నీ ఒకేసారి రావాలని లేదు, రెండు మూడు కనిపిస్తే చాలు.

మన వైపు నన్నడిగితే మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. జూన్ మధ్యలో ఒడియా వాళ్ల రొజొ పండగ వచ్చేసరికి వానలు పట్టుకుంటాయి, ఇక నిక్కర్లు ఆరవు, మన ఓపికా మిగలదు. పగలు డైపర్ తీసేసి వదులైన ఎలాస్టిక్ నిక్కర్లు వేయండి. జిప్పులు, బొత్తాలు వద్దు. ఈ డైపర్లు తడిని ఎంతగా పీల్చేస్తాయంటే, పోసిన సంగతి పిల్లాడికే తెలీదు. నూలు నిక్కరు తడిస్తే వెంటనే తెలుస్తుంది.

లేవగానే, నిద్రకి ముందు, తిన్న 20, 30 నిమిషాలకి కూర్చోబెట్టండి. కడుపులో తిండి పడగానే పేగు కదులుతుంది, అందుకే ఆ వేళ రెంటికి రావడానికి అనువు. మా వాడికి పొద్దున్న ఛతువా (వేయించిన ధాన్యాల పిండి) జావ తాగాక వచ్చేది. అయిదు నిమిషాలకి మించి కూర్చోబెట్టొద్దు, చేతికి ఫోన్ అసలు వద్దు. ఇండియన్ టాయిలెట్ గుంట అంటే చిన్నపిల్లలకి భయం, మొదట్లో కింద పెట్టే సీటే నయం, పాదాలు నేలకి ఆనాలి. మగపిల్లాడికి కూడా ముందు కూర్చోవడమే నేర్పండి. ఆడపిల్లకైతే ముందు నుంచి వెనక్కి కడగాలి. సీటులోది పెరట్లో పారేయకుండా లెట్రిన్‌లోనే పోయండి, పిల్లల మలంలోనూ రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి. తర్వాత మీ చేతులు, వాడి చేతులు సబ్బుతో కడగాలి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మలబద్ధకం. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే పిల్లాడు మర్నాడు బిగబట్టేస్తాడు. లోపల ఉన్నది ఇంకా ఎండి గట్టిపడుతుంది, ఈసారి నొప్పి ఎక్కువ, ఇంకా బిగబడతాడు. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు పెనవేసుకుని, మొహం ఎర్రగా చేసుకుంటాడు. చూసేవాళ్లు ముక్కుతున్నాడు అనుకుంటారు, నిజానికి రాకుండా ఆపుకుంటున్నాడు. అలా కనిపిస్తే పాటీ సంగతి పూర్తిగా పక్కన పెట్టి డైపర్ వేసేయండి. బొప్పాయి, ఆకుకూర పప్పు, చోడి (రాగి) అంబలి, నీళ్లు పెంచండి. పాలు మరీ ఎక్కువైనా మలం గట్టిపడుతుంది, రోజుకి అర లీటరు దాటకుండా చూసుకోండి. తగ్గకపోతే పిల్లల డాక్టరు మలం మెత్తబడే సిరప్ రాస్తారు. ఇంట్లో సబ్బుముక్క పెట్టే పాత వైద్యం మాత్రం వద్దు, లోపల మంట పుడుతుంది. హాయిగా వెళ్లడం మొదలయ్యాక మళ్లీ సీటు బయటికి తీయండి.

కింద పోసేసినప్పుడు తిట్టొద్దు, "ఛీ, కంపు" అని మొహం చిట్లించొద్దు. అలా చేసినా పిల్లలు దాక్కుంటారు, బిగబడతారు. చుట్టాల ముందు నవ్వుతూ చెప్పినా వాళ్లకి సిగ్గే. చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు, పండక్కి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు నేర్చింది మర్చిపోతే కంగారుపడకండి, మళ్లీ వస్తుంది.

ప్లే స్కూల్ సంగతికొస్తే, పూర్తిగా నేర్చుకోవాలా, నిక్కరు మారిస్తే సరిపోతుందా అని నేరుగా అడగండి. మా దగ్గర ప్లే స్కూల్లో పిల్లల్ని చూసుకునే దీదీకి తెలుగు రాదు, మా పాపకి ఒడియా రాదు. చిటికెన వేలు ఎత్తి చూపించడం నేర్పి, దీదీకీ చెప్పాం, సరిపోయింది. ఫీజు కట్టేశాం కదా అని మీరు వాడిని తొందరపెడితే మాత్రం పని వెనక్కి పోతుంది. అవసరమైతే మూడు నెలలు ఆగి చేర్చండి, చదువేం పాడైపోదు.

రాత్రిది వేరే లెక్క. పగలు నేర్చుకున్నా రాత్రి పక్క తడపడం అయిదేళ్ల దాకా మామూలే, అది నేర్పితే వచ్చేది కాదు. పరుపు మీద రబ్బరు షీటు వేసి ఊరుకోండి. పోసేటప్పుడు మంట, జ్వరం, రక్తం, సన్నటి ధార ఉన్నా, బాగా చెప్పే పిల్లాడు ఉన్నట్టుండి రోజంతా తడుపుతున్నా, నాలుగేళ్లు దాటినా పగలు కుదరకపోయినా డాక్టరుకి చూపించండి.