లెటర్‌బాక్స్ మీద నీ పేరేదమ్మా?

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్ళు. మాది తణుకు. హైదరాబాద్‌లో మూడేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేశాను. పెళ్ళయ్యాక మావారితో జర్మనీ వచ్చి పద్నాలుగు నెలలైంది. స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. మావారు చాలా మంచివారు, ఏ లోటూ చెయ్యరు. నాకే ఈ దేశం పడటం లేదు. ఎవరూ పలకరించరు. ఒక ఆదివారం కొబ్బరి చట్నీకి మిక్సీ వేస్తే కింది ఫ్లాట్ ముసలావిడ వచ్చి తలుపు కొట్టి గట్టిగా ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాక ఏడుపొచ్చేసింది. మావారు కిందికి వెళ్ళి సారీ చెప్పి వచ్చి, "ఇకమీదట బెల్ మోగితే తలుపు తియ్యకు, నేను చూసుకుంటా" అన్నారు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు దగ్గర సామాన్లు గబగబా తోసేస్తారు, నేను సంచిలో వేసుకునేలోపు వెనకవాళ్ళు విసుక్కుంటారు. అందుకని శనివారం ఇద్దరం కలిసే వెళ్తాం. మా తలుపుకి అప్పుడప్పుడూ ఒక పలక తగిలిస్తారు, ఆ వారం మెట్లు మేం తుడవాలట. నేను చేస్తానంటే, "నీకు తెలీదు, మళ్ళీ గొడవవుతుంది" అని మావారే రాత్రి పూట తుడిచి వస్తారు. మొన్న నా హెల్త్ కార్డు పోస్టులో వస్తే, డబ్బా మీద నా పేరు లేదని వెనక్కి పంపేశారట. దానికి ఆయన బాగా విసుక్కున్నారు. మా అక్క డాలస్‌లో ఉంది, చుట్టూ తెలుగువాళ్ళే. మేము కూడా అమెరికా వెళ్ళిపోదామని ఆయన్ని ఎలా ఒప్పించాలి? మేలో అత్తగారూ మామగారూ మూడు నెలలకి వస్తున్నారు, అదొక భయం.

జవాబు: నువ్వు నా కూతురి ఈడుదానివి, అందుకని 'నువ్వు' అనే రాస్తున్నాను.

డాలస్ మాట ముందు తేల్చేద్దాం. మీ అక్క ఇంట్లో వారం రోజులు ఉంటే బాగానే ఉంటుంది. కారు లేకపోతే పాలప్యాకెట్‌కి కూడా గడప దాటలేని ఊరది. నీ భర్త అక్కడికి హెచ్-1బీ మీద వెళ్తే నీకొచ్చేది హెచ్-4. గ్రీన్‌కార్డు దరఖాస్తు కొంత ముందుకు నడిచేదాకా ఆ వీసా మీద నువ్వు ఉద్యోగం చెయ్యకూడదు. జర్మనీలో అలా కాదు. భర్త దగ్గరికి వచ్చిన భార్యకు పని చేసుకునే హక్కు మొదటి రోజు నుంచే ఉంది, నీ రెసిడెన్స్ కార్డు కాగితాల్లో ఆ మాట అచ్చువేసి ఉంటుంది. అది నువ్వు చదివావా? ఆ కార్డు ఇంట్లో ఎక్కడుందో తెలుసా? నీ భర్త ఫైల్లో ఉండి ఉంటుందని నా అనుమానం. ఇంత హక్కు వదులుకుని, ఇంకా తక్కువ హక్కున్న చోటికి తీసుకెళ్ళమని అతన్ని బతిమాలుకోవడానికి నేను సాయం చెయ్యను.

ఇక కింది ఇంటావిడ. ఆమె మీద కోపం తీసెయ్. ఆ దేశంలో ఆదివారం అంటే చప్పుడు చెయ్యని రోజు. 1919లో రాజ్యాంగంలో రాసుకున్న ఆదివారపు విశ్రాంతిని 1949 నాటి కొత్త రాజ్యాంగంలోకి కూడా తెచ్చుకున్న మనుషులు వాళ్ళు. షాపులు మూస్తారు, గోడకి మేకు కొట్టరు, ఖాళీ సీసాలు తీసుకెళ్ళి వీధి డబ్బాలో కూడా వెయ్యరు. మామూలు రోజుల్లో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా అదే పద్ధతి. మనింట్లో ఎవరో పోయిన రోజున పక్కింటివాళ్ళు పాటలు పెడితే మనకెలా ఉంటుందో, ఆమెకి నీ మిక్సీ అలా వినిపించింది. చట్నీ శనివారం సాయంత్రమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో.

ఆ పలక సంగతి మాత్రం నన్ను పట్టుకుంది. దాన్ని కేర్‌వోఖె అంటారు, ఊడ్చే వారం అని. స్టుట్‌గార్ట్ వైపు వందల ఏళ్ళ నుంచీ ఉన్న అలవాటు, ఇప్పటికీ చాలా అద్దె ఒప్పందాల్లో రాస్తారు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు మెట్లు తుడవాలి, పెద్ద వంతయితే ముంగిలి, ఇంటి ముందు కాలిబాట కూడా ఊడ్చాలి. మెట్ల దగ్గర కనబడినప్పుడే పక్కవాళ్ళు మొదటిసారి పలకరిస్తారు. మా మేనకోడలు ఆ ఊళ్ళో ఆరేళ్ళుంది. ఇరుగుపొరుగుతో తొలి మాట చీపురు చేతిలో ఉన్నప్పుడే కలిసిందని చెప్పింది. తెల్లారే సరికి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే ఇంట్లో పుట్టినదానివి, నీకు ఇంతకంటే తేలికైన పని ఆ దేశంలో ఇంకొకటి దొరకదు. దాన్ని కూడా నీ చేతిలోంచి తీసేసుకుని, నీ భర్త రాత్రి తొమ్మిదింటికి ఎవరూ చూడకుండా తుడిచి వస్తున్నాడు. కింది ఇంటావిడ కళ్ళకి పై ఇంట్లో ఆడమనిషి ఎలా కనబడుతుంది? ఆదివారం చప్పుడు చేస్తుంది, వంతు వస్తే మెట్ల మీద కనబడదు, బెల్ కొడితే తలుపు తియ్యదు.

అమ్మాయీ, నీ సమస్య జర్మనీ కాదు. నీకూ నీ భర్తకీ మధ్య ఉంది.

నీ ఉత్తరంలో నువ్వు దాటేసిన వాక్యం దగ్గర నేను రెండు రోజులు ఆగాను. డబ్బా మీద నీ పేరు లేదని నీ హెల్త్ కార్డు వెనక్కి పోయింది. ఆ దేశంలో పోస్టుమాన్ ఫ్లాట్ నంబరు చూడడు, పేరు చూస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం తిప్పి పంపుతాడు. బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కాగితం, రెసిడెన్స్ ఆఫీసు పిలుపు, అన్నీ ఆ డబ్బాలోంచే వస్తాయి. నీ పాస్‌పోర్టులో నీ పుట్టింటి ఇంటిపేరు ఉండి ఉంటుంది, మనవైపు చాలామందికి అలాగే ఉంటుంది. డబ్బా మీద, కింద బెల్ బటన్ మీద మీ అత్తింటి ఇంటిపేరొక్కటే ఉంది. అంటే పద్నాలుగు నెలల నుంచి ఆ భవనంలో నువ్వు లేవు. మరి ఇన్నాళ్ళూ నీ పేరు మీద వచ్చినవన్నీ ఏమయ్యాయి? రెండు అంగుళాల కాగితం మీద పేరు రాసి అంటించాల్సినవాడు అతను. అంటించలేదు, పైగా నీ మీదే విసుక్కున్నాడు. నువ్వేమో ఆ విసుగుని కూడా నీ తప్పుల జాబితాలో వేసుకుని నాకు రాశావు.

అతను చెడ్డవాడని నేను అనను. నువ్వు మంచివాడన్నావు, నమ్ముతున్నాను. కొత్త దేశంలో భార్య కంట నీరు చూడలేక ఒక్కొక్క పనీ తన మీద వేసుకున్నాడు. తలుపు తనే తీశాడు, సంచి తనే మోశాడు, మెట్లు తనే తుడిచాడు. అంతా ప్రేమతోనే చేశాడు. అయినా పెళ్ళాడి తెచ్చుకున్న మనిషిని చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉంచాడు. చుట్టం ఎన్నాళ్ళని ఉంటుంది? నీకు వెళ్ళిపోవాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరి బరువు ఒక్కడే మోసే మనిషికి విసుగు రావడంలోనూ ఆశ్చర్యం లేదు.

నా సంగతొకటి చెబుతాను. 1986లో మా ఆయనకి నాగపూర్ బదిలీ అయింది. నాకు హిందీ రాదు, మరాఠీ అసలే రాదు. కూరగాయల దగ్గర్నుంచి పిల్లాడి బడి ఫీజు దాకా ఆయనే చూసేవారు. నేనూ హాయిగా ఉందనుకున్నాను. ఒక రాత్రి ఆయనకి కడుపునొప్పి, ఆపరేషన్ అన్నారు. సంతకం పెట్టమని కాగితం ఇస్తే అందులో ఏముందో తెలీదు. డబ్బు ఏ బ్యాంకులో ఉందో తెలీదు, పాసుబుక్కు ఎక్కడుందో తెలీదు. స్ట్రెచర్ మీద పడుకుని నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని నేను పాసుబుక్కు ఎక్కడని అడిగాను. ఆయన కళ్ళల్లో అప్పుడు కనబడ్డ భయం జబ్బు గురించి కాదు, నా గురించి. పక్కింటి మరాఠీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ రాత్రి గట్టెక్కించింది. ఆయన కోలుకున్నాక మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకున్నది ఒకే ఒక్కసారి. నెల తిరక్కముందే బ్యాంకు ఖాతాలో నా పేరు చేరింది.

నువ్వు అంతదాకా రానీకు. రేపు నీ భర్తకి నూటమూడు జ్వరం వస్తే నువ్వేం చేస్తావు? ప్రాణం మీదికొస్తే 112. అంత కాకపోయినా రాత్రి పూటో సెలవు రోజో డాక్టరు కావాలంటే 116117. ఈ రెండూ నీ ఫోన్లో ఉన్నాయా? తలుపే తియ్యొద్దన్న మనిషి నీకు ఇవి నేర్పి ఉండడు.

పద్నాలుగు నెలలూ ఊరుకున్నందుకు నీ మీదా నాకు కోపం ఉంది. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్‌లో నిలబడి హైటెక్ సిటీకి వెళ్ళి ఉద్యోగం చేసిన పిల్లవే కదా. బిల్లు కౌంటర్ దగ్గర ఎవరో చూశారని ఆ పనే మానేశావు. వాళ్ళంతా సామాన్లు తిరిగి బుట్టలోకి తోసేసుకుని, పక్కకెళ్ళి తీరిగ్గా సంచిలో సర్దుకుంటారు. నువ్వూ అలాగే చెయ్యి. ఈసారి ఒక్కదానివే వెళ్ళు.

అంతకంటే ముందు ఈ శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక అతన్ని కూర్చోబెట్టు. ఏడవకు. అమెరికా మాట ఎత్తకు. మూడే మూడు అడుగు. డబ్బా మీదా బెల్ మీదా నా పేరు కావాలి. డబ్బా తాళం చెవి ఒకటి నా దగ్గరుండాలి. నా కాగితాల ఫైలు నా బీరువాలో ఉండాలి. "ఇన్నాళ్ళూ మీరు మోశారు, నాకు తెలుసు, ఇక సగం ఇవ్వండి" అని చెప్పు. ఈ మాట అడిగేటప్పుడు గొంతు తగ్గించుకోవాల్సిన పని లేదు. ఇల్లు ఇద్దరిదీ.

ఆ ఊళ్ళోనే ఫోల్క్స్‌హోఖ్‌షూలె ఉంది, మన వయోజన విద్యాకేంద్రం లాంటిది. అక్కడ జర్మన్ చెబుతారు. ప్రభుత్వం నడిపే ఇంటెగ్రేషన్ కోర్సులో మామూలుగా భాషకి 600 పీరియడ్లు, ఆ దేశపు చట్టాలకీ చరిత్రకీ 100. నీకు వర్తిస్తుందేమో వెళ్ళి కనుక్కో, ఫోనులో అతని చేత కనుక్కోనివ్వకు. బ్యాంకు ఖాతా నీ పేరున తెరువు. చట్టప్రకారం అక్కడ నివాసం ఉంటున్నవాళ్ళెవరికైనా కనీస ఖాతా ఇచ్చి తీరాలని 2016 నుంచి చట్టమే ఉంది. ఇక వచ్చే వంతుకి పలక తలుపుకి తగిలినప్పుడు, పగటిపూట, అందరూ తిరిగే వేళకి మెట్లు నువ్వే తుడువు. కింది తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె బయటికి వస్తే 'గ్రూస్ గాట్' అను. అటువైపు నమస్కారం అదే.

అత్తమామల గురించి నువ్వు భయపడాల్సింది ఒక్కటే, టికెట్టు తారీఖులు. సందర్శకుల వీసా మీద ఏ 180 రోజుల్లో అయినా ఉండగలిగేది 90 రోజులే, దిగిన రోజూ ఎక్కిన రోజూ లెక్కలోకొస్తాయి. మూడు నెలలని మే 1న దిగి జులై 31న బయల్దేరితే 92 రోజులవుతుంది. వాళ్ళు టికెట్టు కొన్నారేమో ఇవాళే అడుగు. వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు, అది పాత జబ్బుల మందులకి పనికిరాదు. బీపీ, షుగర్ మాత్రలు ఉండే రోజులన్నిటికీ సరిపడా, డాక్టరు చీటీతో తెచ్చుకోమను. స్టేషన్లలో మన మెట్రోలో లాగా గేట్లు ఉండవు కాబట్టి మామగారు టికెట్ అక్కర్లేదనుకుంటారు. టికెట్లు చూసేవాళ్ళు మామూలు బట్టల్లో వచ్చి అడుగుతారు, లేకపోతే మనిషికి 60 యూరోల జరిమానా.

వాళ్ళని తిప్పేది మాత్రం నువ్వే. నీ భర్త ఆఫీసుకి వెళ్తాడు, ఆ తొంభై రోజులూ పగలంతా వాళ్ళకి దిక్కు నువ్వు. విల్‌హెల్మా జూకి, 1956లో తెరిచిన టీవీ టవర్‌కి, చర్చి ముందు సంతకి నువ్వే తీసుకెళ్ళు. అందుకే మే వచ్చేలోపు ఈ పనులన్నీ అయిపోవాలంటున్నాను. కొడుకు అన్నీ చేసి పెడుతుంటే కోడలు గుమ్మం దాటకపోవడం మీ అత్తగారి కంట పడితే, ఆవిడ నిన్నొక మాట అంటుంది. అప్పుడు నువ్వు నాకు అత్తగారి మీద ఉత్తరం రాస్తావు. ఆ ఉత్తరం నాకొద్దు.

ఒకవేళ శుక్రవారం అతను నవ్వేసి, "నీకెందుకివన్నీ" అంటే, ఆదివారం మళ్ళీ అడుగు. అప్పుడూ తాళం చెవి ఇవ్వనంటే, నీ కాగితాలు నీకు ఇవ్వనంటే, వెంటనే నాకు రాయి. అది ప్రేమ ఎక్కువైన మనిషి చేసే పని కాదు కాబట్టి అప్పుడు నేను ఇంత నెమ్మదిగా జవాబివ్వను. ఆ దేశంలో ఆడవాళ్ళ కోసం 116016 అని ఒక నంబరుంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రింబవళ్ళూ పలుకుతారు, ఇంగ్లీషులోనూ మాట్లాడొచ్చు. అవసరం రాదనే అనుకుంటున్నాను. అయినా 112 పక్కనే అదీ రాసుకో.