రెండు చందమామలున్న లోకంలో పోటు ఎప్పుడొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఫాంటసీ నవల రాస్తున్నారు. అందులో ఏడు పాయలుగా చీలే నది ఉంది, ఆకాశంలో ఇద్దరు చందమామలున్నారు. హీరోయిన్ అమావాస్య అర్ధరాత్రి, కటిక చీకట్లో పడవెక్కి పారిపోతుంది. మ్యాప్ గీశారు గానీ లోకం అతుకులబొంతలా ఉందంటున్నారు. ఎక్కణ్ణుంచి సరిచేయాలి?

మాది కోనసీమ. ఒక యాప్‌లో ఇలాంటి సీరియలే రాస్తుంటాను. ఇంటి పని మాత్రం రొయ్యల చెరువులు. సీరియల్‌కి ఎక్కువ పనికొచ్చింది ఆ చెరువులే. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: మ్యాప్ కాసేపు పక్కన పెట్టండి. ఆకాశంలో మీరు ఏం మార్చారో, దానివల్ల రేవులో ఏం మారుతుందో ముందు తేల్చుకోండి.

మా దగ్గర పౌర్ణమి, అమావాస్య అంటే పంతులుగారి కంటే చెరువు మీద ఉన్నవాళ్ళకే టెన్షన్. అప్పుడు రొయ్య గుల్ల విడుస్తుందని మేత తగ్గిస్తారు. రాత్రి చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) పైకి లాగితే టార్చి వెలుగులో వేసిన మేత వేసినట్టే ఉంటుంది. పక్కన వదిలేసిన పల్చటి గుల్లలు, పట్టుకుంటే మెత్తగా జారిపోయే రొయ్య. "రేపు పౌర్ణమి రా, మేత సగమే వెయ్యి" అంటాడు బాబాయ్, క్యాలెండర్ కూడా చూడకుండా. ఫాంటసీలో కావలసింది ఇలాంటి మాట. ఆకాశంలో ఇద్దరు చంద్రులున్నారని వర్ణించి ఊరుకుంటే అది వాల్‌పేపర్. వాళ్ళవల్ల ఒకడు మేత తగ్గించాడంటే అది లోకం.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన భూమ్మీద పోటుకి, అంటే సముద్రం నీరు ఎక్కడానికి, ముఖ్య కారణం చంద్రుడు. సూర్యుడి వాటా చంద్రుడి దానిలో సగం కంటే కాస్త తక్కువ. పౌర్ణమికీ అమావాస్యకీ ముగ్గురూ ఒకే వరసలోకి వస్తారు కాబట్టి పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. బంగాళాఖాతం తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు (నీరు తీయడం). రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పాయ వశిష్ఠ మీద పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పడవ) ఎక్కేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పాటు బాగా తీసి రేవులో నీళ్ళు తగ్గితే పంటు ఒడ్డుకి చేరడం కష్టం. బైకులతో, కొబ్బరికాయల ఆటోలతో అందరూ నీళ్ళకేసి చూస్తూ నిలబడాల్సిందే.

దీనికి రెండో చంద్రుణ్ణి కలపండి. నా సీరియల్‌లో వాళ్ళ పేర్లు అక్క, చెల్లి. అక్క పౌర్ణమి నుంచి పౌర్ణమికి 30 రోజులు, చెల్లికి 20. మొదటి రోజు ఇద్దరికీ పౌర్ణమి అనుకోండి. 15 రోజులకి అక్కకి అమావాస్య, చెల్లి సగం ముక్క. 30వ రోజుకి అక్కకి మళ్ళీ పౌర్ణమి, చెల్లికి అమావాస్య. 45కి అక్కకి అమావాస్య, చెల్లి మళ్ళీ సగం. 60వ రోజుకి ఇద్దరికీ పౌర్ణమి. దీన్ని పోటు వైపు నుంచి చూడండి. అక్క పౌర్ణమి అయినప్పుడల్లా చెల్లి కూడా అదే వరసలో ఉంటుంది (ఈ పక్కనున్నా ఆ పక్కనున్నా నీటికి ఒకటే), కాబట్టి పోటు పెద్దది. అక్క అమావాస్య నాడు చెల్లి అడ్డంగా లాగుతుంది, పోటు తగ్గుతుంది. అంటే ఆ లోకంలో ఉప్పునీరు చేలమీదికొచ్చే భయం పౌర్ణమికే, అమావాస్యకి ఊరంతా నిశ్చింత. ఈ ఒక్క తేడా నుంచి నాకు పండుగలు పుట్టాయి, పెళ్ళి ముహూర్తాలు పుట్టాయి, తిట్లు కూడా పుట్టాయి.

చెల్లి త్వరగా తిరుగుతుంది కాబట్టి దగ్గరగా ఉండాలి. దూరం అక్క దూరంలో ముప్పాతిక కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. పోటు పుట్టించే బలం దూరం ఘనాన్ని బట్టి మారుతుంది, అందుకని బరువు సగమే ఉన్నా చెల్లి దాదాపు అక్కంత పోటూ తెప్పించగలదు. నిజానికి అంత దగ్గర దారుల్లో రెండు బరువైన చంద్రులు ఎక్కువ కాలం నిలవలేరు, ఒకరినొకరు చెదరగొట్టుకుంటారు. అక్కడ నేను భారం దేవుడి మీద వేశాను. ఫాంటసీ రాసేది అందుకేగా.

నది విషయం. ఏడు పాయలు బాగుంది, మన సప్త గోదావరి గుర్తొస్తోంది. కానీ మీరు కొండల్లోనే చీల్చారు. నదులు మామూలుగా కలుస్తాయి, చీలవు. వాలు చచ్చిపోయి, మోసుకొచ్చిన ఒండ్రు కింద పడి, సొంత దారి తనే పూడ్చుకున్న చోట చీలుతాయి. త్రయంబకం దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్ల ప్రయాణంలో ధవళేశ్వరం దాకా ఒకటిగానే వస్తుంది. అక్కడ గౌతమి, వశిష్ఠగా చీలి, తర్వాత వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. సప్త గోదావరి పేర్లు ఋషులవి, చీలికకి కారణం ఒండ్రు. మీ కథలో రెండూ ఉంచండి: జనం ఋషుల కథే చెప్పుకోవాలి, పడవవాడు మాత్రం ఇసుక మేటలు చూసి దారి మార్చుకోవాలి.

డెల్టాలో మ్యాప్ నిలవదు కూడా. లంకలు ఒక పక్క కోసుకుపోతాయి, ఇంకో పక్క మేట వేస్తాయి. తాత సాగు చేసిన చేను మనవడి నాటికి ఏట్లో ఉండొచ్చు. ఏడు పాయల్నే సరిహద్దులుగా పెట్టుకున్న మీ ఏడు రాజ్యాలకి దీనికంటే మంచి తగాదా ఏం కావాలి?

క్యాలెండర్‌కి చంద్రులొక్కరే చాలరు, నెమ్మదిగా నడిచే ఒక గ్రహాన్ని కూడా పెట్టుకోండి. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు. గురుడి చుట్టు 11.86 ఏళ్ళు కాబట్టి మనకది పన్నెండేళ్ళ కొలత అయిపోయింది. 2003, 2015, ఇక 2027. మా నాయనమ్మ తన వయసు పుష్కరాల్లోనే చెప్పేది. మీ గ్రహానికి పాతికేళ్ళు పెడితే, మూడుసార్లు చూసిన ముసలమ్మ మాటకి ఊళ్ళో ఎంత విలువుంటుందో ఆలోచించండి.

ధ్రువ నక్షత్రం ఎత్తు, మధ్యాహ్నపు నీడ లాంటివి హీరోయిన్ చాలా దూరం వెళ్తేనే అవసరం. కోనసీమలో ధ్రువుడు దిగంతానికి పదహారున్నర డిగ్రీల ఎత్తున ఉంటాడు, ఉత్తరానికి పోయేకొద్దీ పైకెక్కుతాడు. అంత తెలిస్తే చాలు.

ఇక మీ పారిపోయే సీన్. అమావాస్య అన్నారు, కానీ ఎవరి అమావాస్య? నా లెక్కే వాడుకుంటే, 45వ రోజు అమావాస్యకి చెల్లి అర్ధరాత్రి ఉదయిస్తుంది. సరిగ్గా పడవ కదిలే వేళకి తూర్పున వెలుగు, కాపలావాళ్ళకి పండగ. 15వ రోజు అమావాస్యకి చెల్లి అర్ధరాత్రికి అస్తమిస్తుంది, ఆ తర్వాత తెల్లవారేదాకా చీకటే. మీకు కావలసింది ఈ రెండోది. అమావాస్య కాబట్టి పోటు కూడా బలహీనం, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్న పడవ తట్టుకుంటుంది. పాటు మొదలయ్యే వేళ అర్ధరాత్రి దాటాక పెట్టండి, తెడ్డు చప్పుడు లేకుండా నీళ్ళే ఆమెను సముద్రంలోకి లాక్కుపోతాయి.