బట్టల గెమాఖ్ పెడుతున్న మనవరాలికి

బంగారం,

నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి వాళ్ల సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) బేస్‌మెంట్‌లో ఉచితంగా బట్టల మార్పిడి పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. న్యూజెర్సీలోని హైలాండ్ పార్కు ఊళ్లో ఆల్టరేషన్ల షాపులో పనిచేసినన్నాళ్లూ ఆదివారాలు అక్కడి గెమాఖ్‌లో జిప్పులు మార్చి, అంచులు విప్పి కుట్టినదాన్ని కాబట్టి, నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు రాదు, నువ్వే చదివి చెప్పు.

గెమాఖ్ అంటే తెలుసుగా, అవసరమైన వస్తువు ఊరికే ఇచ్చే, లేదా డబ్బు తీసుకోకుండా అరువిచ్చే చోటు, పెళ్లి గౌన్లకి ఒకటి, కుర్చీలకి ఒకటి, ఉయ్యాలలకి ఒకటి ఉంటాయి యూదుల్లో.

ముందు ఆ రిజిస్టర్ సంగతి. ఒకటి తెస్తేనే ఒకటి తీసుకోవాలని రూలు పెట్టి పేర్లు రాస్తారట. వద్దమ్మా. మేమూ మొదటి ఏడాది అదే చేశాం. ఒకావిడ కొడుక్కి నేవీ బ్లూ కోటు తొడిగి చూసింది. భుజాలకి అతికినట్టు సరిపోయింది, వాడు అద్దంలో చూసుకుంటూ జేబుల్లో చేతులు కూడా పెట్టుకున్నాడు. టేబుల్ దగ్గరున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది, మీరేం తెచ్చారండీ అని. ఇంట్లో మర్చిపోయాను, తెస్తాను అని ఆవిడ కోటు విప్పించి, హ్యాంగర్‌కి తగిలించి, పై గుండీ కూడా పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ వారమే రిజిస్టర్ చెత్తబుట్టలో పడేశాం.

ఇది నేను కనిపెట్టిన తెలివేం కాదు, వాళ్ల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది. జెరూసలేం ఆలయంలో ఒక రహస్యపు గది ఉండేదట. ఇవ్వదలచుకున్నవాళ్లు అందులో చాటుగా వేసి పోయేవాళ్లు, బతికి చెడినవాళ్లు చాటుగా తీసుకునేవాళ్లు. ఇంకోటి నాకు మరీ ఇష్టం. ఆవ్ నెల (వాళ్ల క్యాలెండర్‌లో, మనకి జూలై-ఆగస్టులో వస్తుంది) 15న ఆడపిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యం చేసేవాళ్లు, అయితే ఎవరూ సొంత బట్టలు కట్టకూడదు, అరువు తెచ్చుకున్నవే కట్టాలి, లేని పిల్ల సిగ్గుపడకూడదని! రాజు కూతురు కూడా ప్రధాన యాజకుడి కూతురి దగ్గర అడిగి తెచ్చుకునేదట. అందుకని మొదటి రోజు మీ ఇద్దరూ అక్కడి బట్టలే వేసుకుని నిలబడండి, ఉన్నవాళ్లని కూడా బతిమాలి ఒక్కటైనా పట్టుకెళ్లమనండి.

తేదీ మాత్రం నీ స్నేహితురాలిని క్యాలెండర్ చూడమను. ఆవ్ 1 నుంచి 9 దాకా తొమ్మిది రోజులు వాళ్లకి దుఃఖ దినాలు, పద్ధతిగా ఉండేవాళ్లు బట్టలు ఉతకరు, కొత్తవి వేసుకోరు, మీ దగ్గరికొచ్చి గౌన్లు తొడిగి చూసుకుంటారా? 15 దాటాక వచ్చే ఆదివారం పెట్టుకోండి, వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా పండగకీ అందుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా వాళ్లకి విశ్రాంతి దినం షబ్బాత్, ఆ పిల్లకి ఫోన్లు కూడా చేయకు.

బట్టలు ఏరడం దగ్గర టైమంతా పోతుంది. చంకలు, కాలర్లు కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. మన చెల్లికి తొడగనిది అక్కడ తగిలించకూడదు. వాళ్ల ఆడవాళ్లు ఒళ్లు కప్పే బట్టలే వేసుకుంటారు కాబట్టి మోకాలు దిగే లంగాలు, మోచేతులు దాటే చేతులు వెంటనే పోతాయి, మగపిల్లల తెల్ల చొక్కాలైతే ఎన్ని తెచ్చినా చాలవు. పొట్టి చేతుల గౌను పారేయొద్దు, లోపల షెల్ అని పొడుగు చేతుల బిగుతు టీషర్టు వేసుకుంటారు. ఎడిసన్‌లో మన ఆంటీలను అడుగు, ఇక్కడ పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాడు రాడు కదా, సంచులకి సంచులే ఇస్తారు, మన పొడుగు కుర్తీలు లంగాల మీదకి బాగానే వేసుకుంటారు. లెహంగా జాకెట్లు మాత్రం తేవద్దు.

సూట్లు, కోట్లు వేరే స్టాండ్ మీద పెట్టండి. ఉన్ని, నార (లినెన్) కలిసిన బట్ట వాళ్లు వేసుకోకూడదు, షాట్నెజ్ అంటారు. లేబుల్ మీద వంద శాతం ఉన్ని అని ఉన్నా కాలర్ లోపల గట్టిగా ఉండే గుడ్డలో నార ఉండొచ్చు. అది పరీక్షించేవాళ్లు ఉంటారు, వాళ్లు చూసేదాకా ‘ఇంకా పరీక్షించలేదు’ అని చీటీ పెట్టండి. నువ్వు చూసి బాగానే ఉందని మాత్రం చెప్పకు, అది నీకూ నాకూ తెలిసే పని కాదు.

నిలువెత్తు అద్దం, మందపాటి కర్టెన్ తప్పనిసరి. ఆడవాళ్లకి ఒక గంట, మగవాళ్లకి ఒక గంట విడిగా పెట్టండి. సంచులు రెండే రెండు సాయంత్రాలు తీసుకోండి, లేకపోతే అర్ధరాత్రి తలుపు బయట వదిలేసిపోతారు, వానకి తడిసి మొత్తం మీ నెత్తిన పడుతుంది. మిగిలినవి ఎక్కడికి పంపాలో తెరవకముందే మాట్లాడుకోండి.

నా దగ్గర చెక్క హ్యాంగర్లు రెండు పెట్టెలున్నాయి, గుండీల డబ్బా కూడా ఇస్తాను. ఆదివారం ఇద్దరూ రండి. వాళ్ల కోషర్ ఆహార నియమాల వల్ల ఆ పిల్ల మనింట్లో వండింది తినదు కాబట్టి పళ్లు తెచ్చిపెడతాను, కడిగి అలాగే ఇస్తాను.

మీ చిన్నమ్మమ్మ